బతికున్న మనిషికి గంట కొట్టాను

ఆ ఊరి పేరు రాయను. బేతంచెర్లకు ఎంతో దూరం లేదు, ఎర్ర నేల, ఊరి చివర రాతి గుడి. అంతవరకే చెప్తాను. ఇది చదివి ఎవరైనా అక్కడికి వెళ్ళి, కాకినాడ ఆవిడ చేసిన ఘనకార్యం ఈ ఊళ్ళోనేనా అని అడిగారంటే వాళ్ళ పుండు మళ్ళీ రేపినట్టవుతుంది. వాళ్ళేదో మరిచిపోయి ఉంటారని కాదు. నాకే మొహం చెల్లడం లేదు.

మాది కాకినాడ. మా ఇంట్లో తరాలుగా క్రైస్తవులమే, కానీ మా మిషన్ వేరు, ఆ ఊరివాళ్ళది వేరు. పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాక పాత చర్చి గుళ్ళు చూసే పిచ్చి పట్టుకుంది నాకు. రాయలసీమలో ఇంగ్లండు ఆంగ్లికన్ దొరలు కట్టించిన పల్లెటూరి గుళ్ళు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయని ఎవరో చెప్తే, చలి తగ్గగానే సంచి సర్దాను. మా ఆయన నా కాళ్ళకు చక్రాలున్నాయంటారు. నా అసలు రోగం కాళ్ళలో కాదు, చేతుల్లో ఉంది. ఏ వస్తువు కనపడినా ముట్టుకుని చూస్తే గానీ నాకు తోచదు. బట్టల కొట్లో కొనని చీరలన్నీ నలిపి వస్తానని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది. ఇన్నాళ్ళూ దాన్ని సరదాగానే తీసుకున్నాను.

కర్నూలు

రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లారేసరికి కర్నూల్లో దిగాను. నడుం పట్టేసింది. బస్టాండు బయట చిన్న హోటల్లో అందరూ ఒకటే తింటున్నారు. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు వీటిని మరమరాలంటాం, సాయంత్రం పూట పిల్లలకు పొట్లం కట్టిచ్చే చిరుతిండి. పొద్దున్నే టిఫినుగా తింటారంటే నమ్మను. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కారంగా ఉంటుందనీ, కావాలంటే గింజ తీసినవి ఇస్తాననీ హోటలాయన అన్నాడు. గోదావరి మనిషినని తెలిసి ఆటపట్టిస్తున్నాడనుకుని అక్కర్లేదన్నాను. రెండో బజ్జీకి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. ఆయన పాపం నవ్వలేదు. మజ్జిగ తెచ్చి ముందు పెట్టాడు, దానికి డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆయన శెట్టిగారు. నేను మిషన్ గుళ్ళు చూడటానికి వచ్చానని తెలిసి, వాళ్ళ నాన్న దొరల బడిలోనే చదువుకున్నాడని చెప్పాడు. మాలపిల్లల పక్కన కూర్చోబెడుతున్నారని వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, బడికి వెళ్ళి గొడవ పెట్టుకుందట. ఇష్టం లేకపోతే పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపొమ్మన్నాడట దొర. చదువు కావాలి కాబట్టి అక్కడే కూర్చుని చదివాడు, కానీ రోజూ ఇంటికొచ్చి నెత్తిన నీళ్ళు పోసుకుంటే గానీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. శెట్టిగారు ఇదంతా నవ్వుతూ చెప్పాడు. చివర్లో మాత్రం, "ఇప్పుడు తలుచుకుంటే ఏమిటికో గానీ సిగ్గయితాదమ్మా" అన్నాడు. చేసింది మీ జేజి కదా, నీకెందుకయ్యా సిగ్గు అని ఓదార్చి, పెద్దరికం వెలగబెట్టి బయటపడ్డాను. ఓదార్చడం అంత సులువనుకునే రోజులవి. గంట కొట్టడానికి సరిగ్గా ఒక రోజు ముందు మాట.

బేతంచెర్ల

ఓర్వకల్లు దాటుతుంటే రోడ్డు పక్కన రాళ్ళ గుట్టలు. బస్సు కిటికీలోంచి ఫోటో తీయబోయి ఫోను ముందు సీటాయన ఒళ్ళో పడేశాను. అది తిరిగిస్తూ ఆయన, "భద్రంగా పట్టుకో పెద్దమ్మా" అన్నాడు.

బేతంచెర్లలో ఎటు చూసినా నాపరాళ్ళే. ఇంటి నేల నాపరాయి, గోడ నాపరాయి, ప్రహరీ బదులు నిలబెట్టిన పలకలు, టీ కొట్టు బల్ల కూడా నాపరాయే. మా వైపు నేల తవ్వితే చెయ్యి మునిగేంత లోతులో నీళ్ళు. ఇక్కడ నేల తవ్వితే రాయి. పాలిష్ పట్టే యూనిట్ల నుంచి లేచిన తెల్లటి దుమ్ము లారీల మీద, చెట్ల మీద, మనుషుల మీద ఒకేలా కూర్చుంటుంది.

టీ కొట్టు దగ్గర బస్సు కోసం చూస్తుంటే, నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉన్న ఒకతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఆ దుమ్ములో చెప్పడం కష్టం. పేరు దావీదు. ఎదురుగా ఉన్న యూనిట్లో రాళ్ళకు పాలిష్ పడతాడు. నేను వెళ్ళే ఊరే అతనిది. గుడి చూడటానికి అంత దూరం నుంచి వచ్చానంటే మొహం వెలిగిపోయింది. వాళ్ళ గంట రెండూళ్ళకు వినపడుతుందని గొప్పగా చెప్పాడు.

తర్వాత ఎవరో కూర్చోబెట్టి అడిగినట్టు వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. ఆమె పేరు మార్తమ్మ. కడుపులో గడ్డ. పెద్దాసుపత్రిలో కోసి చూసి, ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆమెకు తప్ప. కోసిన పుండు మానుతోందనీ, ఈస్టరు నాటికి లేచి తిరుగుతాననీ ఆమె నమ్మకం.

"మా నాయనకు ఇట్లనే వస్తే డాక్టరు మొహం మీదనే చెప్పేసినాడమ్మా. ఆ పొద్దే అన్నం తట్ట పక్కకు నూకినాడు. మళ్ళా ముట్టలేదు. నెల తిరక్కుండానే పోయినాడు. మాయమ్మకు తెలిస్తే అట్లనే చేస్తాది. తెలీకుండా ఉన్నన్ని దినాలు నాలుగు ముద్దలు తింటా ఉంటాదని మా ఆశ."

ఎలాగూ ఆ ఊరే పోతున్నాను కాబట్టి ఇంటికెళ్ళి పలకరించమన్నాడు. ఎదురు కొట్లో బత్తాయిలు కొని సంచిలో పెట్టి ఇచ్చాడు. బస్సెక్కాక కూడా కిటికీ దగ్గరికొచ్చి, మాట జారొద్దని ఇంకోసారి చెప్పాడు. నాకు కొంచెం చిన్నతనమనిపించింది. ఇంత వయసొచ్చినదాన్ని, ఆ మాత్రం నోరు కట్టుకోలేనా అనుకున్నాను.

గుడి

పాస్టరు గారి ఇంట్లో దిగాను. ఆయన ఊళ్ళో లేరు. ఈ మిషన్‌లో ఒక్కో పాస్టరు కింద పదీ పన్నెండు పల్లెలుంటాయి. ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఆయన మోటారుసైకిలు మీద ఊరూరా తిరుగుతూనే ఉంటారట. ఆయన భార్యను ఊరంతా అమ్మగారంటారు, పేరు సుగుణమ్మ. నెమ్మదైన మనిషి, నా వాగుడుకు నవ్వుతుంది, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. రాత్రి జొన్నరొట్టె, వేరుశనగల పచ్చడి పెట్టింది. ఆ పచ్చడి నేను వేళ్ళు నాకి మరీ తిన్నాను, సిగ్గేముంది. అప్పటికింకా సిగ్గుపడాల్సిన పని చేయలేదు.

మర్నాడు పొద్దున అమ్మగారు, సంఘపెద్ద జకరయ్య ఇద్దరూ కలిసి గుడి చూపించారు. జకరయ్యకు డెబ్భై దాటి ఉంటాయి, బుర్రమీసాలు, వెనక్కి చేతులు కట్టుకుని నడక. గుడి గంట కొట్టేది ఆయనే, వాళ్ళ నాన్న తర్వాత.

గుడి పెద్దదేం కాదు. మందపాటి రాతిగోడలు, లోపల చల్లగా ఉంది. మా కాకినాడలో బెంచీల మీద చెప్పులతోనే కూర్చుంటాం. ఇక్కడ చెప్పులు బయట వదిలి, నాపరాతి నేల మీద చాపలేసుకుని ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు. శ్రమకాలం కాబట్టి ముందున్న ఆరాధన బల్ల మీద ఊదారంగు గుడ్డ కప్పారు. గోడకానుకుని చూస్తే రాళ్ళ మీద ఉలి గాట్లు చేతికి తగులుతాయి. తడిమి చూశాననుకోండి.

ఈ గోడలు కరువు పని. తాతముత్తాతల కాలంలో పెద్ద కరువొచ్చి జనం రోడ్ల మీద పడి చచ్చిపోతుంటే, గుర్రం మీద వచ్చిన ఆంగ్లికన్ దొర ఒకాయన రాళ్ళు కొట్టే పని పెట్టించి గింజలిచ్చాడట. దొర స్వయంగా నెత్తిన రాళ్ళు మోశాడని జకరయ్య అంటే, అమ్మగారు ఆయన వెనక నిలబడి కాదన్నట్టు తల ఊపింది. తర్వాత బడి పెట్టారు, ఊరూరా తిరిగి పురుళ్ళు పోసే నర్సమ్మను తెచ్చారు, మాలపేటలో బావి తవ్వించారు. గంజికి ఆశపడి మతం మారారని మా వైపు కూడా దెప్పుతారని నేనంటే జకరయ్యకు కోపం రాలేదు.

"గంజికే వచ్చినారమ్మా. రాకుంటే సచ్చిపోయుందురు. కరువు పోయినాక గంజి నిలిచిపోయింది. మావోళ్ళు మాత్రం పోలేదు గదా."

బడి ఎప్పుడో మూతపడింది. నర్సమ్మలు లేరు. మరి ఇప్పుడు ఈ గుడి చేసే పని ఏమిటని అడిగాను. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్తామనీ, మంచాన పడినవాళ్ళను వంతులేసుకుని చూసుకుంటామనీ, చచ్చిపోయినవాళ్ళను మర్యాదగా సాగనంపుతామనీ అమ్మగారు చెప్పింది. మొదటి రెండూ మా ఊళ్ళోనూ ఉన్నాయి. మూడోదాన్ని ఒక పనిగా చెప్పుకోవడం నాకు కొత్తగా అనిపించింది.

దానికి జవాబు బయట చూపించారు. గుడి పక్కన రెండు రాతి స్తంభాల మధ్య అడ్డ దూలానికి వేలాడుతోంది గంట. సముద్రం మీద వచ్చి, రైలెక్కి, చివరికి ఎద్దుల బండి మీద ఇక్కడ దిగిందట. ఊళ్ళో రెడ్ల ఇళ్ళలో చావు జరిగితే డప్పు కొట్టేదీ, కట్టెలు మోసేదీ వీళ్ళ పెద్దలే. వీళ్ళలో ఎవరైనా పోతే మాత్రం చేలో పని ఆపడానికి లేదు. తండ్రి పోయినా కొడుకు పొద్దుగుంకేదాకా మడక దున్నాల్సిందే. చీకటి పడ్డాక, ఊరి వీధిలోకి రాకుండా చుట్టుదారిన మోసుకుపోయి పూడ్చేవాళ్ళు. దొర రెడ్లతో కూర్చుని మాట్లాడి ఒక కట్టడి చేయించాడట. చావు గంట వినపడితే గుడి మనుషులెవరైనా, ఎవరి చేలో ఉన్నా, ఉన్నపళంగా పని వదిలి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపకూడదు. ఆ కట్టడి ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు ఆపేవాళ్ళెవరూ లేరనుకోండి, అయినా గంటంటే వాళ్ళకు అంత పట్టింపు.

జకరయ్య ఇది చెప్తుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అంత విన్నదాన్ని నేను. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు.

మార్తమ్మ

గుడి నుంచి అమ్మగారు నన్ను మార్తమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. రెండు వీధుల అవతల, నాపరాళ్ళ కప్పు ఇల్లు. కోడలు ఎస్తేరు మిరపకాయలు కోయడానికి చేనికి వెళ్ళింది. ముసలామె మంచం మీద గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి గానీ నోరు మాత్రం గట్టిది. నేను దావీదు పంపిన బత్తాయిలు ఇస్తే, వీటికి ఎంత పోసినాడో వెర్రినాయాలు అని కొడుకును తిట్టి, ఒకటి వలిచి సగం నా చేతిలో పెట్టింది. సముద్రం ఇంటికెంత దూరమని అడిగింది. చేపలు తింటే నీసు వాసనకు నిద్దరెట్లా పడుతుందని అడిగింది. ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

ఈస్టరు రోజు ఇక్కడ చీకటితోనే లేచి, పాటలు పాడుతూ ఊరంతా తిరిగి గుడి చేరతారట. చాలా ఏళ్ళు ముందు నడిచి పాట ఎత్తుకున్నది మార్తమ్మే. ఈసారీ తానే ఎత్తుకుంటానంది. రెండు పూటలా సంగటి తింటున్నాననీ, అందుకే బలం వస్తోందనీ చెయ్యి చాచి చూపించింది. నేను అవునన్నాను. నా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. గడప దాటాక అమ్మగారు నా భుజం తట్టి, బాగా మాట్లాడారండీ అంది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

గంట

గుడి దగ్గరికి తిరిగొచ్చాం. జకరయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. అమ్మగారు పొయ్యి మీద పప్పు పెట్టాలంటూ వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, తాడు మాత్రం పట్టుకోవద్దండీ అని చెప్పింది.

చెప్పింది. నేను విన్నాను. పాతకాలపు తాడు తెగుతుందని భయపడుతోంది కాబోలనుకున్నాను. మా ఊళ్ళో గంటంటే పిల్లల ఆట. క్రిస్మస్ రాత్రి తాడు కోసం పిల్లలు కొట్టుకుంటారు, దొరికినవాడు చేతులు నొప్పెట్టేదాకా లాగుతాడు. ఎవరు లాగినా ఎవరూ ఏమీ అనరు. ఇంత దూరం వచ్చి, ఇంత కథ విని, ఆ గంట మోత వినకుండా ఎలా పోను? వీడియో తీసి మా సంఘం ఆడవాళ్ళకు పంపితే ఎంత సంబరపడతారు?

అందుకని కుడిచేత్తో ఫోను పట్టుకుని, ఎడమచేత్తో తాడు లాగాను. జోరుగా లాగితే ఊరికి వినపడుతుందేమో, గొడవెందుకని మెల్లగా లాగాను. ఒక దెబ్బ. ఫోను సరిచేసుకుని, కాసేపు ఆగి, మళ్ళీ ఒక దెబ్బ. మళ్ళీ ఆగి ఇంకొకటి. మా వైపు అలా కొడితే దాన్ని గంట కొట్టడమని కూడా అనరు.

మొదట ఊళ్ళో పిండిమర ఆగిపోయింది. అంతసేపూ అది ఆడుతోందని అది ఆగాకే తెలిసింది. ఎదురుగా అంగడాయన బయటికొచ్చి, గంట వైపు చూసి, షట్టరు సగానికి దించాడు. దూరంగా మిరప చేలల్లో ఆడవాళ్ళు నడుములెత్తి నిలబడ్డారు, ఒడిలో కాయలు గట్టు మీద కుమ్మరించి ఊరి వైపు నడక మొదలుపెట్టారు. నలుగురైదుగురు మగవాళ్ళు గడ్డపారలూ గంపలూ పట్టుకుని గుడి వెనక దారిన గబగబా పోతున్నారు. నేను, బుద్ధిలేనిదాన్ని, ఏదో పండగుందేమో అనుకుని వాళ్ళనూ వీడియో తీశాను. ఒకతన్ని ఆపి, ఎక్కడికి బాబూ అందరూ పోతున్నారని అడిగాను.

"మార్తమ్మ పోయిందమ్మా."

అదేంటి, ఇప్పుడే కదా చూసొచ్చాను, బత్తాయి కూడా తింది అన్నాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"ఇప్పుడే గంట కొట్టినారు గదమ్మా."

ఒక్కో దెబ్బ, మధ్యలో ఆగడం, మెత్తగా కొట్టడం, అదే చావు గంటట. ఆదివారం గంట జోరుగా, ఆగకుండా మోగుతుంది. నేను భయం లేకుండా గట్టిగా లాగి ఉంటే, ఎవరో పిల్లలు ఆడుతున్నారనుకుని ఊరుకునేవాళ్ళేమో. ఊళ్ళో చావుకు దగ్గరగా ఉన్న మనిషి ఒక్కతే కాబట్టి, పోయిందెవరని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

అమ్మగారు చేతికి పిండితోనే పరుగెత్తుకొచ్చింది. నా చేతిలో ఫోను చూసింది, తాడు చూసింది. మార్తమ్మ ఇంటి వైపు పరుగెత్తింది. నేను వెనక పడ్డాను, నా వయసుకూ నా ఒంటికీ చేతకాని పరుగు. ఆడవాళ్ళు మార్తమ్మ ఇల్లు చేరేలోపు ఆపాలి, అంతే. మరే ఆలోచనా లేదు.

ఆపలేకపోయాం. వీధి మొదట్లోనే ఏడుపులు మొదలయ్యాయి. ముందు వెళ్ళినావిడ నెత్తి బాదుకుంటూ గుమ్మంలోకి వెళ్ళి, అలాగే నిలబడిపోయింది. ఆమె వెనకవాళ్ళు ఆమెను తోసుకుని లోపలికొచ్చి వాళ్ళూ నిలబడిపోయారు. మార్తమ్మ దిండుకానుకుని కూర్చుని వాళ్ళందరి మొహాలూ ఒకటొకటిగా చూసింది. పోయినోళ్ళెవరే అని అడిగింది. అప్పుడు ఎస్తేరు చేని నుంచి పరుగెత్తుకొచ్చింది. దారిలో ఎక్కడో పడినట్టుంది, మోకాలి దగ్గర చీర చిరిగి రక్తం. అత్త బతికుండటం చూసి ఆమె కాళ్ళ మీద పడి భోరున ఏడ్చింది.

మార్తమ్మ కోడలి తల మీద చెయ్యి పెట్టింది. "నన్నేనా?" అంది.

ఆ గదిలో ఒక్కరైనా కాదని చెప్పి ఉండాల్సింది. అంతమందిమి ఉన్నాం. అందరం తలలు దించుకున్నాం.

సమాధుల దొడ్డి

అక్కడ నిలబడలేక గుడి వెనక సమాధుల దొడ్డికి వెళ్ళాను. అప్పటికి నేను చేసింది ఊరంతా తెలిసిపోయింది. గొయ్యి మోకాలి లోతు దాటింది. జానెడు ఎర్రమన్ను, దాని కింద అంతా రాయే. గడ్డపార పడితే నిప్పులు లేస్తున్నాయి. మనిషిని పూడ్చేంత గొయ్యి తవ్వడానికి పూటంతా పడుతుంది కాబట్టి, గంట వినగానే మగవాళ్ళు ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికే వస్తారట. వాళ్ళు పని ఆపి చెమట తుడుచుకుంటున్నారు. నన్ను చూసి ఒకతను మొహం తిప్పుకున్నాడు.

జకరయ్య మాత్రం తిప్పుకోలేదు. నేను చేతులు జోడించి, తప్పయిపోయిందని, తెలివితక్కువ పని చేశానని ఏదేదో చెప్పుకొచ్చాను.

"మీ ఊర్లో గంట ఆటవస్తువేమో గానీ, మాకు కాదు. రేపు నిజంగా కొడితే పని ఇడిసిపెట్టి ఎవరొస్తారమ్మా? ఆ కాకినాడామె ఏమన్నా వచ్చిందేమో అనుకుంటారు."

తిట్టినా బాగుండేది. నన్ను మళ్ళీ చూడకుండా ఆయన వాళ్ళతో మాట్లాడటంలో పడ్డాడు. తవ్విన గొయ్యి ఖాళీగా ఉంచకూడదు, మట్టి తోసేద్దామని కొందరు. మార్తమ్మ బతికుండగా ఆమె గొయ్యి తెరిచి పెట్టడం ఏం బాగుంటుందని ఇంకొందరు. ఇంటివాళ్ళను అడగకుండా ఏ పనీ చేయొద్దన్నాడు జకరయ్య.

ఎవరో అప్పటికే దావీదుకు ఫోను చేసి అమ్మ పోయిందని చెప్పేశారు. తర్వాత కాదని చెప్పడానికి ఎంత చేసినా అతను ఎత్తలేదు. లారీల రోడ్డు మీద మోటారుసైకిలు తోలుతూ ఏడుస్తున్నవాడు ఫోను ఎలా ఎత్తుతాడు? వాడు క్షేమంగా ఇల్లు చేరాలని నేను రోడ్డు మీద నిలబడి దేవుణ్ణి వేడుకున్నాను. ఆ గుడికి వెళ్ళింది మొదలు నేను చేసిన ప్రార్థన అదొక్కటే.

దావీదు వచ్చాడు. తెల్ల దుమ్ము మీద కన్నీళ్ళ చారలు. బండి హ్యాండిలుకు ప్లాస్టిక్ సంచిలో పూలదండ. నన్ను చూసి ఆగాడు. నేనే ఎదురెళ్ళి, అమ్మ బతికే ఉంది నాయనా, గంట కొట్టింది నేనే అని చెప్పాను. అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మొహం మొదట విప్పారింది, తర్వాత నల్లబడింది.

"ఆమెకు తెలిసిపోయిందా?"

తెలిసిపోయిందని చెప్పాను. మాట జారొద్దంటిని గదమ్మా అని గొణిగి, పూలదండ బండి మీదే వదిలేసి లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం

రాత్రికి బస్సుంది. చెప్పకుండా వెళ్ళిపోదామని ఒక మనసు. ఇంత చేసి, మొహం చాటేసి పారిపోతే ఇంకేం మిగులుతుంది? అమ్మగారు నన్ను వెంటబెట్టుకుని మార్తమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. దారి పొడవునా క్షమాపణ మాటలు లోపల కూర్చుకున్నాను.

ఇంట్లో దావీదు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎస్తేరు పొయ్యి దగ్గర ఉంది. ఆమె మాకు వీపు చేసి కూర్చుంది, తిరిగి చూడలేదు. నేను గడప లోపల నిలబడి నోరు తెరవబోయాను. అప్పుడే జకరయ్య వచ్చి, గొయ్యి సగం దాకా తవ్వినారనీ, ఇప్పుడు పూడ్చేస్తామనీ, తల దించుకుని దావీదుతో అన్నాడు. దావీదు అలాగేనన్నట్టు లేవబోయాడు. మార్తమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పూడ్చొద్దు లేన్నా. అది రాతి నేల. మళ్ళా తవ్వల్లంటే పిల్లోళ్ళ చేతులు బొబ్బలెక్కుతాయి. పైన రెండు బండలు కప్పిపెట్టండి, మేకలు పడకుండా."

ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఇంటి పని పురమాయించినట్టు చెప్పింది. జకరయ్య తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. దావీదు మంచం పట్టెకు నుదురు ఆనించాడు.

కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను. క్షమించమ్మా అన్నానో, ఊరికే ఏడ్చానో నాకే తెలియదు. మార్తమ్మ నన్ను దగ్గర కూర్చోమంది. ఎప్పటికైనా తెలియాల్సిందే కదా అని గానీ, పోనీలే అని గానీ అనలేదు.

వీళ్ళు తట్ట అనే కంచంలో ఎస్తేరు సంగటి ముద్ద, పప్పు తెచ్చి అత్త ముందు పెట్టింది. పెట్టి, పక్కకు పోకుండా అక్కడే నిలబడింది. దావీదు తల ఎత్తాడు. దావీదు నాన్న తట్ట తోసేసిన సంగతి మా అందరికీ తెలుసు. పొద్దున ఇదే ముద్ద తిని బలం వస్తోందని చెయ్యి చాచి చూపించిన మనిషి. మార్తమ్మ తట్ట వైపు కాసేపు చూసింది. తర్వాత రెండు వేళ్ళతో దాన్ని మెల్లగా నా ముందుకు జరిపింది.

"నువ్వు తినమ్మా. దూరం పోయేదానివి. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు."

దావీదు, "అమ్మా, నువ్వు" అన్నాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపి గోడ వైపు తిరిగి పడుకుంది.

తట్ట నా ముందుంది. అందరూ నన్నే చూస్తున్నారు. పెద్ద మనిషి పెట్టింది కాదనలేను, కాదంటే ఆమెను ఇంకోసారి అవమానించినట్టే. ఆమె ముద్ద నేను తిన్నాను.